మొర్రివాగు మీద మోకు

లాహోరు వైపు యుద్ధం మొదలైందని రేడియోలో చెప్పిన మర్నాడే, కరీంనగర్ సాలెవాడలో లక్ష్మీరాజం బయటికి దీపం కనిపించకుండా తన ఇంటి కిటికీకి నల్లకాగితం అంటించాడు. వాడ మొత్తానికి ఆ పని చేసిన మొదటి మనిషి అతనే. గదిలో వెలుతురు తగ్గిపోయి మగ్గం మీద పోగులు కనిపించక, మధ్యాహ్నానికల్లా అతని భార్య చంద్రవ్వ ఆ కాగితాన్ని సగానికి చించేసింది.

“లాహోరు కెల్లి ఇమానం గీడిదాంక రావాల్నంటె నడుమ మూడు జాగల ఆగి చాయ తాగాలె,” అన్నదామె. “వచ్చినా, మన మగ్గం మీద బాంబేసి ఆళ్ళేం బాగుపడ్తరు?”

“ఆళ్ళ సంగతి నాకెందుకు. మనం తయారుగుండాలె,” అన్నాడు లక్ష్మీరాజం.

ఈ తయారుగా ఉండటమనే జబ్బు అతనికి చిన్నప్పుడే పట్టుకుంది. నిజాం కాలంలో కరీంనగర్ బడిలో చదివిన నాలుగేళ్ళూ అతను స్కౌటు. లింగమూర్తి సారు శుక్రవారం సెలవునాడు పిల్లల్ని మానేరు ఒడ్డుకు తోలుకుపోయి ముడులు వేయడం, తడికట్టెలతో మంట రాజేయడం, విరిగిన చేతికి కట్టు కట్టడం నేర్పేవాడు. రెండు జెండాలు పట్టుకుని చేతులు రకరకాలుగా చాపుతూ, ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే చూపించి, ఏటికి అవతల ఉన్నవాడితో మాట్లాడటం కూడా నేర్పాడు. జెండాల విద్య లక్ష్మీరాజానికి ఒంటపట్టలేదు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయేవి. ముడులు మాత్రం ఒక్కసారి చూస్తే చాలు. తెగిన పోగు అతుక్కుంటూ పెరిగిన వేళ్ళకు అదొక లెక్క కాదు.

తర్వాత బడి మానేశాడు, మగ్గమెక్కాడు, పెళ్ళి చేసుకున్నాడు. నిజాం రాజ్యం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చి కొంచెం పొట్ట కూడా వచ్చింది. అయినా కచేరీ ముందు పౌర రక్షణ దళానికి పేర్లు రాసుకుంటున్నారని వినగానే కొత్తగా ఖాకీ నిక్కరు కుట్టించుకున్నాడు. అది తొడుక్కుని అతను బయలుదేరిన పొద్దున సాలెవాడంతా అరుగుల మీదికి వచ్చి నిలబడింది. ఆ చూపుల మధ్య నడవడమే అతనికి కష్టంగా అనిపించింది.

వారం తిరక్కుండానే అతనికి ఒక చిట్టీ వచ్చింది. తెచ్చినవాడు అంబదాస్. అతనూ పాత స్కౌటే. ఆదిలాబాద్ పక్క పల్లెవాడు, చిన్నప్పుడు మేనమామ ఇంట్లో ఉండి కరీంనగర్‌లో చదువుకున్నాడు. ఇప్పుడు బస్సు కండక్టరు. చిట్టీ రాసింది బోథ్ దవాఖానాలో నర్సమ్మగా చేస్తున్న అనసూర్య. ఆమె ఎవరో కాదు, లింగమూర్తి సారు కూతురే. స్కౌటు విద్యలన్నీ ఆడపిల్లల బడిలో గైడుగా నాలుగేళ్ళు, ఇంట్లో తండ్రి చేతి కింద ఎప్పుడూ నేర్చుకున్నదే. సారు చనిపోయి ఎనిమిదేళ్ళయింది.

‘అన్నా, గీడ యుద్ధమంటే ఏందో, దెబ్బ తాకితే ఏం చెయ్యాల్నో ఎవ్వరికీ తెల్వది. రెండు దినాలు వచ్చి నేర్పిపోరాదు’ అని రాసింది.

“పోదామా?” అన్నాడు అంబదాస్. “నా బస్సులనే కూసోని పోదువు. తొవ్వ పొడుగూత అడివి, ముసురు. మస్తుగుంటది.”

లక్ష్మీరాజం నిక్కరు మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

బోథ్‌లో రెండు రోజులు నేర్పించాడు. నేర్చుకోవడానికి పదకొండుమంది వచ్చారు. అందులో ముగ్గురు వానకు తడవకుండా నిలబడటానికి వచ్చినవాళ్ళు. మీద ఎగిరేది మనవాళ్ళ విమానమో పగవాళ్ళ విమానమో కింద నుంచి ఎట్లా తెలుస్తుందని ఒక పెద్దమనిషి అడిగాడు. లక్ష్మీరాజానికి తెలియదు. “ఏదైనా సరే, పండుకోవాలె” అని చెప్పాడు. ఆ జవాబు అందరికీ నచ్చింది.

మూడో రోజు పొద్దున అతను ఆదిలాబాద్ మీదుగా పోయే తిరుగు బస్సెక్కాడు. ఎక్కిన తర్వాత ఒక సంగతి తెలిసింది. దగ్గరి పల్లెనుంచి ముత్యం అనే జవాను వచ్చి అదే బస్సెక్కుతున్నాడు. ఇరవై నాలుగేళ్ళ పిల్లవాడు. ఇంటి కప్పు బాగుచేసుకుందామని నెల రోజుల సెలవు మీద వచ్చాడు. వచ్చిన పన్నెండో రోజున వెంటనే తిరిగి రమ్మని పల్టన్ నుంచి తారు, అంటే టెలిగ్రాం, వచ్చింది. ఆదిలాబాద్‌లో రైలు పట్టుకోవాలి. ఊరివాళ్ళు బంతిపూల దండలు వేసి, బొట్టు పెట్టి, డప్పులతో తీసుకొచ్చారు. వాళ్ళ వెనక అతని తల్లి రామవ్వ, చంకలో గొడుగు, చేతిలో సద్దిమూట.

“నేను టేషను దాంక పోత,” అన్నది రామవ్వ.

బస్సు నిండిపోయి ఉంది. కిటికీ పక్క సీటు కోసం పొద్దున ఆరింటికే వచ్చి కూర్చున్న లక్ష్మీరాజం లేచి నిలబడ్డాడు.

“అవ్వా, గీడ కూసో. నేను రేపు పోత. నాకేం తారు రాలే.”

అంబదాస్ గంట కొట్టాడు. డప్పులు మోగాయి. బస్సు బురద చిమ్ముకుంటూ పోయింది. లక్ష్మీరాజం దవాఖానా అరుగు మీద కూర్చుని అనసూర్య ఇచ్చిన చాయ తాగుతూ, ఈ ఒక్క రోజు అయినా ఎవరికీ ఏమీ నేర్పనక్కర్లేదు కదా అనుకున్నాడు.

గంటన్నర గడిచింది. ఒకాయన సైకిలు మీద వచ్చి అరుగు ముందు పడ్డట్టే దిగాడు.

“బస్సు మొర్రివాగుల ఇర్కింది. మీద గుట్టలల్ల వాన పడ్డట్టుంది, నీళ్ళు ఒక్కసారే వచ్చినయి. మనుషులంత టాపు మీదికెక్కిన్రు.”

అనసూర్య గ్లాసు కింద పెట్టింది. “ఎంతమంది?”

“ఇరవై మందికి ఎక్కువనే ఉంటరు.”

ఆ తర్వాత ఐదు నిమిషాలు వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో లక్ష్మీరాజానికి గుర్తులేదు. మాట్లాడుకోవలసిన అవసరం కూడా పెద్దగా రాలేదు. అతను పక్కనే ఉన్న పత్తి మిల్లుకు ఉరికి, బేళ్ళు ఎత్తే పెద్ద మోకులు రెండూ, సన్నతాడు చుట్ట ఒకటీ తీసుకుని, మిల్లు లారీని కూడా అడిగి తెచ్చాడు. అనసూర్య దవాఖానా బావి గిలక ఊడదీసింది. కట్లు కట్టే తెల్లగుడ్డ, విజిలు, మూత గట్టిగా పట్టే ఖాళీ కిరసనాయిలు డబ్బా లారీలో వేసింది. నిన్న ముడులు నేర్చుకున్న పదకొండు మందిలో ఏడుగురు లారీ ఎక్కారు.

వాగు ఊరికి మూడు మైళ్ళు. మామూలు రోజుల్లో మేకలు దాటే వాగు. ఆ రోజు మాత్రం ఎర్రటి నీళ్ళు ఒడ్డు నుంచి ఒడ్డుకు నిండుగా ఉరుకుతున్నాయి. రోడ్డు ఎక్కడుందో కనిపించడం లేదు. నడి వాగులో బస్సు నిలబడి ఉంది. నీళ్ళు కిటికీల దాకా వచ్చాయి. సామాను పెట్టే ఇనుప చట్రం పట్టుకుని టాపు మీద మనుషులు ముద్దగా కూర్చున్నారు. ముత్యం మెడలో బంతిపూల దండలు ఇంకా అట్లాగే ఉన్నాయి.

ఒడ్డుకు, బస్సుకు మధ్య అరవై గజాలుంటుంది. అరిస్తే వినపడే దూరమే అనిపిస్తుంది. కాని ఆ హోరులో పక్కనున్నవాడి మాటే వినపడటం లేదు. ఏడుగురూ కలిసి అరిచారు. టాపు మీదివాళ్ళు కూడా ఏదో అరిచారు. ఒక్క ముక్క అర్థం కాలేదు.

అనసూర్య లారీ ఇంజను మీదికి ఎక్కింది. తెల్లగుడ్డను రెండుగా చింపి రెండు చేతులా పట్టుకుని, చేతులు పైకీ కిందికీ ఊపింది. ‘ఇటు చూడు, మాట్లాడతాను’ అని దానికి అర్థం. టాపు మీద ఒక మనిషి లేచి నిలబడ్డాడు. ఖాకీ చొక్కా. అంబదాస్. ఎవరిదో రుమాలు, ఎవరిదో కండువా తీసుకుని తనూ అట్లాగే ఊపాడు.

“చదువు చెల్లె,” అన్నాడు లక్ష్మీరాజం. “నాకు ఇప్పటికీ రాదు.”

అంబదాస్ చేతులు చాపాడు, వంచాడు, మళ్ళీ చాపాడు. అనసూర్య ఒక్కొక్క అక్షరమే చదివింది. “ఆర్... ఓ... పీ... ఈ. మోకు అడుగుతుండు. ఇరవై ఆరుమందట.”

మోకు ఉంది. అక్కడిదాకా ఎట్లా పోవాలన్నదే ప్రశ్న. విసిరితే సగం దూరం కూడా పోదు. ఈదుకుంటూ పోదామని ఒకతను చొక్కా విప్పబోతే లక్ష్మీరాజం వద్దన్నాడు. సన్నతాడు కొస డబ్బాకు కట్టి, దానికి ఎవరిదో ఎర్రగుడ్డ చుట్టి, వాగుకు ఎగువన యాభై అడుగులు నడిచి నీళ్ళలో వదిలాడు. నీళ్ళే తీసుకుపోతాయని అతని లెక్క. డబ్బా గంతులేస్తూ పోయి బస్సుకు పది అడుగుల ఇవతల నుంచే జారిపోయింది.

మళ్ళీ లాగి మళ్ళీ వదిలాడు. ఈసారి తుప్పల్లో ఇరుక్కుంది.

టాపు మీద నుంచి అంబదాస్‌కు నీళ్ళ పోకడ బాగా కనిపిస్తున్నట్టుంది. చేతులు ఊపాడు. “యూ, పీ. ఇంకా పైకి పొమ్మంటుండు,” అంది అనసూర్య. లక్ష్మీరాజం ఇంకో ముప్పై అడుగులు పైకి నడిచాడు. “ఇంకా పైకే.” మద్దిచెట్టు దాటాక ఆమె విజిలు వేసి ఆపింది. అక్కడ నీళ్ళు ఒక బండకు కొట్టుకుని నడి వాగు వైపు మళ్ళుతున్నాయి. ఒడ్డున నిలబడితే అది కనిపించనే కనిపించదు. మూడోసారి డబ్బా సూటిగా బస్సు మీదికి పోయింది. ముత్యం టాపు అంచున బోర్లా పడుకుని, తల్లి గొడుగు వంపు కొక్కెంతో తాడును లాక్కున్నాడు.

సన్నతాడుకు కట్టి పెద్ద మోకు పంపారు. దాని వెంట రెండోదాన్ని కూడా పంపారు. ఒక మోకు ఈ పక్క ఇప్పచెట్టు పంగకు, ఆ పక్క బస్సు చట్రానికి బిగించాలి. దాని మీద గిలక దొర్లుతుంది. గిలకకు మనిషిని వేలాడదీసి, దానికి నడుమ కట్టిన రెండో మోకు ఒక కొసతో ఒడ్డుకు, ఇంకో కొసతో ఖాళీ గిలకను మళ్ళీ బస్సుకు లాగాలి. లింగమూర్తి సారు మానేరు మీద రెండు చెట్ల మధ్య ఇదే ఆట ఆడించేవాడు. అప్పుడు కింద ఉన్నది మోకాలిలోతు నీళ్ళు.

అంతా అయ్యాక అంబదాస్ మళ్ళీ చేతులు చాపాడు.

“హెచ్... ఈ... ఎన్... డి,” అని చదివింది అనసూర్య. “చెయ్యి అంటుండు. ఏ రాయాల్సిన కాడ ఈ రాసిండు. మా బాపు ఉంటే ఇప్పుడు కూడ చెవు మెలేసేటోడు.” ఆ తర్వాత ఆమె గొంతు మారింది. “అన్నా, చెయ్యి చితికినట్టుంది. కుడిచెయ్యి చూడు, రుమాలు మణికట్టుకు కట్టుకున్నడు. వేళ్ళతోని పట్టుకుంటలేడు.”

అంటే అక్కడ కుర్చీముడి వేసేవాడు లేడు. ఒక మడత చంకల కింద, ఒక మడత మోకాళ్ళ కింద ఉండి, మనిషి కళ్ళు తిరిగి పడ్డా జారిపోకుండా పట్టుకునే ముడి అది. తప్పు వేస్తే మనిషి బరువుకు విడిపోతుంది. టాపు మీద ముసలివాళ్ళున్నారు, చంకపిల్లలున్నారు.

లక్ష్మీరాజం వాగు వైపు చూశాడు. చిన్నప్పుడు మానేరులో ఈదినవాడే. ఇరవై ఏళ్ళుగా అతను దిగిన లోతు మగ్గం గుంత ఒక్కటే. ఎవరైనా వద్దంటారేమోనని పక్కకు చూశాడు. అందరూ అతని చేతుల వైపే చూస్తున్నారు.

తన నడుముకు తనే ముడి వేసుకుని, గిలకకు తగిలించుకుని, “మెల్లగ ఇడువున్రి” అన్నాడు.

పోతున్నంతసేపూ కళ్ళు మూసుకున్నాడు. సగం దూరంలో మోకు కుంగి పాదాలు నీళ్ళకు తగిలాయి. నీళ్ళు చెప్పులు రెండూ ఊడబెరుక్కుపోయాయి. తర్వాత ఎవరో అతని నిక్కరు పట్టుకుని టాపు మీదికి లాగారు. చూస్తే అంబదాస్, ఎడమ చేత్తో.

“నిక్కరు మంచిగ కుట్టిండు దర్జీ,” అన్నాడు అంబదాస్. అతని కుడిచేతి మూడు వేళ్ళు నల్లగా వాచి ఉన్నాయి. నీళ్ళు తోసుకొచ్చినప్పుడు మనుషుల్ని పైకెక్కిస్తుంటే బస్సు తలుపు మధ్య పడ్డాయట.

ముత్యం దగ్గరికి జరిగాడు. “నేను ఫౌజుల లారీ డ్రైవర్ను కాకా. సామానుకు కట్టే ముడి వస్తది. మనిషికి కట్టేది రాదు. చెప్తె పట్టుకుంట.”

“పట్టుకో. ముందుగాల ఎవరు పోతరు?” అని అడిగాడు లక్ష్మీరాజం.

పిల్లల్ని తల్లులు ఇంకా గట్టిగా పట్టుకున్నారు. ఇప్పటిదాకా ఒక మోకు కావాలని ఏడ్చినవాళ్ళంతా ఆ మోకు వైపు చూసి, కిందనున్న నీళ్ళ వైపు చూసి, కూర్చున్నచోటే బాగుందన్నట్టు ముడుచుకున్నారు.

“నన్ను కట్టు,” అన్నది రామవ్వ.

“అవ్వా, నువ్వెందుకు. జర ఆగు,” అన్నాడు ముత్యం.

“నువ్వు లడాయికి పోతుంటె నేను ఆగుమన్ననా? ముసలిది పోతె అందరికి ధైర్నమొస్తది. కట్టు బిడ్డా.”

లక్ష్మీరాజం కట్టాడు. తాడు చేతిలోకి రాగానే వేళ్ళు వాటంతటవే నడిచాయి. మడత, దాని మీద మడత, లోపలి నుంచి కొస, ఒక గుంజు. అంబదాస్ ఎడమ చెయ్యి ఎత్తాడు. అవతల విజిలు మోగింది. ఏడుగురూ లారీ డ్రైవరూ కలిసి లాగారు. సద్దిమూట ఒళ్ళో పెట్టుకుని రామవ్వ వాగు మీదుగా పోయింది. సగం దూరంలో కాళ్ళు తడిస్తే చీర కుచ్చిళ్ళు పైకి ఎత్తుకుంది. అది చూసి టాపు మీద ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో మిగతావాళ్ళకు ఊపిరి వచ్చింది.

ఆ తర్వాత పిల్లలు, తల్లులు, ఒక గర్భిణి, ఒక కుంటి దుకాణదారు. ఒక్కొక్కరికీ పది నిమిషాలు. మధ్యలో వాన వచ్చింది, పోయింది. గిలక రెండుసార్లు పట్టేస్తే అంబదాస్ తన టిఫినుడబ్బా తెరిచి పచ్చడి మీద తేలిన నూనె పోశాడు. మధ్యాహ్నం మూడింటికి టాపు మీద నలుగురే మిగిలారు. లక్ష్మీరాజం, అంబదాస్, బస్సు డ్రైవరు, ముత్యం.

“ఇగ నువ్వు పో,” అన్నాడు లక్ష్మీరాజం.

“నేను ఆఖరుకు పోత,” అన్నాడు ముత్యం. “సిపాయిని. మీ అసుంటోళ్ళను ఇడిచిపెట్టి ముందుగాల పోతె రేపు మా పల్టన్ల మొఖమెట్ల సూపెట్టాలె?”

అంబదాస్ అతని దగ్గరికి జరిగి కూర్చున్నాడు. “ఇను తమ్మీ. నీకు తారు వచ్చింది. నిన్ను ఆడ నిలవెట్టాల్నని సర్కారు పిలిచింది. గీ వాగు కాడికి మమ్ముల ఎవ్వరు పిలువలే, మేమే వచ్చినం. గిది మా డ్యూటీ. నువ్వు గీడ కొట్టుకపోతె ఆడ నీ జాగల ఎవరు నిలవడ్తరు? మీ అవ్వ ఒడ్డున నిలవడి సూస్తుంది. పో.”

ముత్యం మెడలోని దండలు తీసి చట్రానికి తగిలించి, ముడి వేయించుకోవడానికి చేతులు ఎత్తాడు. అతని వెంట డ్రైవరు పోయాడు. డ్రైవరు వెంట అంబదాస్.

అంబదాస్ ఒడ్డు చేరి, ఖాళీ గిలక తిరిగి వస్తుండగా బస్సు కదిలింది. పెద్దగా కాదు, నిద్రలో మనిషి పక్కకు ఒత్తిగిలినట్టు. లక్ష్మీరాజానికి అది అర్థమయ్యేలోపే ఒడ్డు మీద విజిలు మూడుసార్లు గబగబా మోగింది. ప్రమాదం, వదిలేసి రమ్మని. అనసూర్య ఇంజను మీద నుంచి బస్సు వెనక చక్రాలు లేవడం చూసింది. బస్సు పోతే చట్రానికి కట్టిన మోకు కూడా దానితో పోతుంది, దాని మీద మనిషి ఉంటే మనిషి కూడా.

ఆలోచించే సమయం లేదు. గిలక మీద ఎక్కకుండా, లాగే మోకుకు తన వైపున్న కొస విప్పి చంకల కింద చుట్టుకుని ముడి వేశాడు. జీవితంలో అంత తొందరగా ఏ ముడీ వేయలేదు. వేసి, ఒరిగే బస్సు కింద పడకుండా టాపు మీద నుంచి ఎగువ వైపు దూకాడు.

నీళ్ళు అతన్ని మింగేశాయి. చెవుల్లో హోరు పోయి నిశ్శబ్దం వచ్చింది. మోకు ఛాతీని బిగించింది. ముడి జారితే అయిపోయినట్టే అనుకున్నాడు. జారదు అని కూడా అనుకున్నాడు. ఒడ్డున ఒకతను గొడ్డలితో ఇప్పచెట్టుకున్న మోకును నరికేశాడు. బస్సు దాన్ని తోకలా ఈడ్చుకుంటూ పక్కకు ఒరిగిపోయింది. లక్ష్మీరాజం మోకు కొసన వేలాడుతూ నీళ్ళ ఊపుకు ఒడ్డు వైపు కొట్టుకొచ్చాడు. ఇరవై ముప్పై చేతులు లాగుతున్నాయి. ఇప్పటిదాకా దాటినవాళ్ళంతా మోకు పట్టుకున్నారు. నడుము లోతు దాకా దిగి అతని జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చినవాడు ముత్యం.

లక్ష్మీరాజం ఒడ్డున బోర్లా పడుకుని చాలాసేపు నీళ్ళు కక్కాడు. అనసూర్య పక్కన కూర్చుని వీపు తట్టింది. కాసేపటికి అతను తలెత్తాడు.

“అందరు వచ్చిన్రా?”

“ఇరవై ఆరు. నీతోని ఇరవై ఏడు,” అంది. ఆ మాట చెప్పి, అంతదాకా గుడ్డ జెండాలు కిందికి దించని ఆ మనిషి, మొహం పక్కకు తిప్పుకుని ఏడ్చింది. లక్ష్మీరాజం చూడనట్టు ఊరుకున్నాడు.

సాయంత్రం దవాఖానాలో ఆమె ఇద్దరికీ కట్లు కట్టింది. అంబదాస్‌కు రెండు వేళ్ళు విరిగాయి. లక్ష్మీరాజం అరచేతుల్లో తోలు మిగల్లేదు. ఇంకో పక్క ముత్యం తడిసిన తారు కాగితాన్ని లాంతరు పక్కన ఆరబెట్టి, దిగులుగా దాని వైపే చూస్తున్నాడు. ఇవాళ్టి రైలు పోయింది. ఆలస్యమెందుకైందంటే పల్టన్‌లో ఎవరు నమ్ముతారు?

“నేను రాసిస్త తియ్యి,” అని అనసూర్య దవాఖానా కాగితం మీద జరిగినదంతా రాసి, సంతకం చేసి, ముద్ర వేసింది. ఆ దవాఖానాలో ఉన్న ముద్ర అదొక్కటే. అది పశువుల దవాఖానా ముద్ర కాదు, మనుషులదే అని అంబదాస్ ముత్యానికి భరోసా ఇచ్చాడు.

పొద్దున్నకు వాగు తగ్గింది. ముత్యం బూట్లు మెడలో వేసుకుని, తల్లి ఇచ్చిన మూట నెత్తిన పెట్టుకుని, నడుము లోతు నీళ్ళలో దాటిపోయాడు. రామవ్వ ఈసారి ఒడ్డునే ఆగింది. అతను అవతలి ఒడ్డెక్కి, వెనక్కి తిరిగి, ఫౌజులో చేసినట్టు నిటారుగా నిలబడి సలాం చేశాడు. అది తల్లికో, పక్కనే నిలబడ్డ లక్ష్మీరాజం, అంబదాస్, అనసూర్యలకో ఎవరికీ తెలియలేదు. పదిరోజులకు కాల్పులు ఆగాయని రేడియో చెప్పింది. నెల తర్వాత ముత్యం బతికే ఉన్నానని కార్డు రాశాడు. సంక్షిప్తంగా, చెడ్డ దస్తూరితో.

లక్ష్మీరాజం ఇల్లు చేరేసరికి వార్త అతనికంటే ముందే సాలెవాడ చేరింది. కండక్టర్ల నోట ఏ వార్తా ఆగదు. అరుగుల మీద మనుషులున్నారు. ఒకరిద్దరు లేచి నిలబడ్డారు. అతను తల దించుకుని గబగబా ఇంట్లోకి పోయాడు.

చంద్రవ్వ కాళ్ళకు నీళ్ళిచ్చింది, పీట వేసింది, అన్నం పెట్టింది. రెండు చేతులకూ కట్లున్నాయని అప్పుడు గుర్తొచ్చి, కంచం తన ముందుకు లాక్కుని చింతపండు పులుసు కలిపి ముద్ద చేసి నోట్లో పెట్టింది. నాలుగు ముద్దల తర్వాత అడిగింది.

“భయమైందా?”

“అయ్యింది.”

“మరెట్ల పోయినవు?”

లక్ష్మీరాజం ముద్ద నమిలి మింగాడు.

“ముడి ఏసేటోడు ఆడ ఇంకోడు లేకుండె,” అన్నాడు.

చంద్రవ్వ అతని కట్ల వైపు కాసేపు చూసింది. తర్వాత ఇంకో ముద్ద కలిపింది.